పర్సనల్ లోన్ ముందే తీర్చేయాలా? లెక్క వేసి తేల్చుకునే పద్ధతి

బోనస్ వచ్చినప్పుడో, చీటీ డబ్బు చేతికి అందినప్పుడో, ఊళ్లో స్థలం అమ్మితే వాటా వచ్చినప్పుడో చాలామందికి మొదట వచ్చే ఆలోచన ఒకటే: ఈ పర్సనల్ లోన్ కట్టిపారేస్తే ఒక పీడ వదిలిపోతుంది. ఆ ఆలోచన మంచిదే. కాకపోతే ఆఫీసులో ఒకరు "వడ్డీ అంతా మొదట్లోనే కట్టేశావు, ఇప్పుడు తీర్చి ఏం లాభం" అంటారు. ఇంట్లో పెద్దవాళ్లు "అప్పు ఒక్కరోజు కూడా ఉంచుకోకూడదు" అంటారు. రెండు మాటల్లోనూ కొంత నిజం ఉంది, రెండూ అందరికీ వర్తించవు. మీకు ఏది వర్తిస్తుందో మీ లోన్ కాగితాలే చెబుతాయి. అరగంట కూర్చుంటే తేలిపోయే లెక్క ఇది.

ఇప్పటిదాకా ఎంత వడ్డీ కట్టామన్నది ఈ నిర్ణయంలోకి రానివ్వకండి. అది వెళ్లిపోయిన డబ్బు. ఈ రోజు నుంచి ఎంత కట్టాలి, ఈ రోజు తీరిస్తే ఎంత మిగులుతుంది, ఆ డబ్బు వేరేచోట పెడితే ఎంత వస్తుంది, తీర్చేశాక చేతిలో ఎంత ఉంటుంది. ఈ నాలుగు తెలిస్తే చాలు.

మొదటి అడుగు: కాగితాలు ముందు పెట్టుకోండి

మూడు కాగితాలు కావాలి. శాంక్షన్ లెటర్ లేదా లోన్ అగ్రిమెంట్, కీ ఫ్యాక్ట్స్ స్టేట్‌మెంట్, తిరిగి చెల్లింపుల షెడ్యూల్. 2024 అక్టోబర్ 1 నుంచి ఇచ్చే రిటైల్ లోన్లన్నిటికీ కీ ఫ్యాక్ట్స్ స్టేట్‌మెంట్ ఇవ్వాలని రిజర్వ్ బ్యాంక్ నిబంధన పెట్టింది. వడ్డీ రేటు, ఫీజులన్నీ కలుపుకున్న అసలైన వార్షిక ఖర్చు, ముందే తీరిస్తే పడే చార్జీ అందులో ఉంటాయి. అంతకు ముందు తీసుకున్న లోన్ అయితే అగ్రిమెంట్‌లోనే వెతకాలి. షెడ్యూల్ బ్యాంకు యాప్‌లో దొరుకుతుంది. దొరక్కపోతే కస్టమర్ కేర్‌కి మెయిల్ పెట్టి అడగండి.

వాటిలో నుంచి ఐదు అంకెలు ఒక కాగితం మీద రాసుకోండి: ఈ రోజుకి మిగిలిన అసలు, వడ్డీ రేటు, ఈఎంఐ, మిగిలిన నెలలు, ఫోర్‌క్లోజర్ చార్జీ (లోన్ మొత్తం ముందే తీరిస్తే పడేది).

వడ్డీ రేటు దగ్గర ఒక జాగ్రత్త. కొందరు ఏజెంట్లు ఫ్లాట్ రేటు, అంటే అసలు తగ్గుతున్నా మొదట తీసుకున్న మొత్తం మీదే చివరిదాకా వేసే వడ్డీ, చెప్పి లోన్ అంటగడతారు. 3 ఏళ్లకు 9 శాతం ఫ్లాట్ అంటే, తగ్గుతున్న అసలు మీద లెక్కవేస్తే సుమారు 16 శాతం. మీరు రాసుకున్న రేటు ఏజెంట్ చెప్పినదా, కాగితంలో ఉన్నదా అని ఒకసారి చూసుకోండి.

రెండో అడుగు: మీ ఈఎంఐ ఎటు పోతోందో చూడండి

ఒక ఉదాహరణ తీసుకుందాం. చివరిదాకా దీన్నే వాడతాను. 5 లక్షల లోన్, 14 శాతం వడ్డీ, 5 ఏళ్లు. ఈఎంఐ 11,634 రూపాయలు. మొదటి నెల ఈఎంఐలో వడ్డీకే 5,833 పోతుంది, అసలులో తగ్గేది 5,801 మాత్రమే. ఏడాది పాటు ఒక్క నెల కూడా తప్పకుండా 1,39,610 కట్టాక, మిగిలిన అసలు చూస్తే ఇంకా 4,25,746 ఉంటుంది. అంటే కట్టినదాంట్లో 65 వేలకు పైగా వడ్డీకి పోయింది. ఇక్కడే చాలామందికి గుండె గుభేలుమంటుంది.

రెండేళ్లు పూర్తయ్యేసరికి అసలు 3,40,402కి దిగుతుంది. అక్కడి నుంచి చివరిదాకా కట్టాల్సిన వడ్డీ 78 వేల చిల్లర. నాలుగేళ్లు పూర్తయితే మిగిలే అసలు 1,29,575, మిగిలిన వడ్డీ 10 వేలు.

"వడ్డీ అంతా మొదట్లోనే కట్టేశావు" అనే మాట పుట్టేది ఇక్కడే. కానీ మొదట్లో వడ్డీ ఎక్కువ పడడానికి కారణం అప్పుడు అసలు ఎక్కువ ఉండడమే. బ్యాంకు ప్రతి నెలా అప్పటికి మిగిలిన అసలు మీదే, అదే 14 శాతం వేస్తుంది. చార్జీ ఏమీ లేకపోతే మొదటి ఏడాది తీర్చినా చివరి ఏడాది తీర్చినా మీరు కట్టే ప్రతి రూపాయీ ఏడాదికి 14 శాతం వడ్డీ తప్పిస్తుంది. చివర్లో మొత్తం లాభం చిన్నగా కనిపిస్తుందంటే, మిగిలిన అసలూ మిగిలిన కాలమూ చిన్నవి కాబట్టి. లెక్కను నిజంగా తలకిందులు చేసేది చార్జీ.

మూడో అడుగు: ముందే తీరిస్తే పడే చార్జీ

చాలా బ్యాంకులు, ఫైనాన్స్ కంపెనీలు మిగిలిన అసలు మీద ఇంత శాతం అని ఫోర్‌క్లోజర్ చార్జీ తీసుకుంటాయి. 2 నుంచి 5 శాతం మధ్య ఉండడం మామూలు. దాని మీద 18 శాతం జీఎస్టీ కలుపుతారు. అంటే 4 శాతం అని రాసి ఉంటే మీ జేబులోంచి పోయేది 4.72 శాతం.

ఇక్కడ రిజర్వ్ బ్యాంక్ కొత్త ఆదేశాల గురించి వాట్సాప్‌లో తిరిగే సగం సమాచారం చాలామందిని తప్పుదోవ పట్టిస్తోంది. 2026 జనవరి 1 నుంచి మంజూరైన లేదా రెన్యువల్ అయిన లోన్లకు వర్తించేలా, వ్యక్తులు వ్యాపారేతర అవసరాలకు తీసుకున్న ఫ్లోటింగ్ రేటు లోన్లపై ముందస్తు చెల్లింపు చార్జీ వేయకూడదని 2025 జూలైలో ఆదేశించారు. ఫ్లోటింగ్, అంటే మధ్యలో మారే రేటు, అన్న మాట గమనించండి. మనం తీసుకునే పర్సనల్ లోన్లలో ఎక్కువ భాగం ఫిక్స్‌డ్ రేటువి, అంటే చివరిదాకా రేటు మారనివి. వాటికి ఈ మినహాయింపు వర్తించదు. మీది ఏ రకమో శాంక్షన్ లెటర్‌లో ఉంటుంది. చార్జీ ఉన్నచోట కూడా దాన్ని శాంక్షన్ లెటర్‌లో, అగ్రిమెంట్‌లో, కీ ఫ్యాక్ట్స్ స్టేట్‌మెంట్‌లో ముందే చెప్పి ఉండాలి. చెప్పని చార్జీ తర్వాత తెచ్చి వేయడానికి వీల్లేదని అవే ఆదేశాలు చెబుతున్నాయి.

అగ్రిమెంట్ చదివేటప్పుడు ఇంకొన్ని షరతులు వెతకండి. మొదటి 6 లేదా 12 ఈఎంఐల లోపు తీర్చడానికి కుదరదనే లాకిన్ ఉందా? కొన్ని ఈఎంఐలు దాటాక చార్జీ తగ్గుతుందా? సొంత డబ్బుతో తీరిస్తే చార్జీ లేకుండా, వేరే బ్యాంకుకి మార్చుకుంటేనే వేసే పద్ధతి ఉందా? ఒక్క నెల ఆగితే చార్జీ 4 నుంచి 3 శాతానికి దిగేలా ఉంటే, ఆ నెల ఆగడంలో తప్పేమీ లేదు.

నాలుగో అడుగు: తీర్చడం వల్ల నిజంగా వచ్చే లాభం ఎంత శాతం?

ఈ మొత్తం వ్యవహారానికి కీలకం ఇదే. పెద్ద సూత్రాలు అక్కర్లేదు. జీఎస్టీతో కలిపిన చార్జీ శాతాన్ని 24తో గుణించండి. మిగిలిన నెలలకు ఒకటి కలిపి, ఆ అంకెతో భాగించండి. వచ్చినదాన్ని లోన్ వడ్డీ రేటులోంచి తీసేయండి. మిగిలేది, లోన్ మొత్తం ముందే తీర్చడం వల్ల మీకు ఏడాదికి దక్కే రాబడి. ఇది దగ్గరి లెక్క, నిర్ణయానికి సరిపోతుంది.

మన ఉదాహరణలో రెండేళ్లు పూర్తయ్యాక, 36 నెలలు మిగిలినప్పుడు చూద్దాం. 4.72ను 24తో గుణిస్తే 113. దాన్ని 37తో భాగిస్తే సుమారు 3. లోన్ వడ్డీ 14లోంచి తీస్తే దాదాపు 11 శాతం. రూపాయల్లో చెప్పాలంటే చార్జీ, జీఎస్టీ కలిపి 16,067 కట్టి, 78 వేల వడ్డీ తప్పించుకుంటారు. నికరంగా 62 వేలు మిగులు. తీర్చడమే మంచిది.

నాలుగేళ్లు పూర్తయ్యాక, 12 నెలలే మిగిలినప్పుడు అదే లెక్క వేయండి. 113ను 13తో భాగిస్తే 8.7. 14లోంచి తీస్తే మిగిలేది 5.3 శాతం. రూపాయల్లో చూస్తే 10 వేల వడ్డీ తప్పించుకోవడానికి 6,116 చార్జీ కడుతున్నారు. లక్షా ముప్పై వేలు ఒక్కసారిగా బ్యాంకు చేతిలో పెట్టినందుకు నికరంగా దక్కేది 4 వేల లోపు.

ఇంకా కచ్చితంగా కావాలనుకునేవాళ్లు ఎక్సెల్‌లో రేట్ అనే ఫంక్షన్ వాడండి. మిగిలిన నెలలు, మైనస్ గుర్తుతో ఈఎంఐ, చార్జీతో సహా ఈ రోజు కట్టాల్సిన మొత్తం వరసగా ఇచ్చి, వచ్చినదాన్ని 12తో గుణిస్తే సరి. 36 నెలల ఉదాహరణకు అందులో 10.8 వస్తుంది.

ఇప్పుడు ఈ శాతాన్ని ఆ డబ్బుకి మీ దగ్గరున్న రిస్కు లేని ఇంకో దారితో పోల్చండి. ఎఫ్‌డీ 7 శాతం ఇస్తుందనుకుంటే, 20 శాతం పన్ను స్లాబులో ఉన్నవాళ్లకి సెస్సు కూడా పోగా చేతికి వచ్చేది ఐదున్నర. 11తో ఐదున్నరను పోలిస్తే సందేహమే లేదు. 5.3తో పోలిస్తే మాత్రం డబ్బు మీ దగ్గరే ఉంచుకుని, మామూలుగా ఈఎంఐలు కట్టుకుంటూ పోవడమే నయం. అవసరానికి ఆ డబ్బు అందుబాటులో ఉంటుంది కూడా.

షేర్లలో, మ్యూచువల్ ఫండ్లలో 15 శాతం వస్తుంది, లోన్ ఎందుకు తీర్చడం అనేవాళ్లు ఉంటారు. వస్తే రావచ్చు. లోన్ తీరిస్తే తప్పే వడ్డీ ఖాయం, మార్కెట్లో వచ్చేది ఖాయం కాదు. ఖాయమైన 11 శాతం వదులుకుని అప్పు డబ్బుతో మార్కెట్లో ఉండమని నేను ఎవరికీ చెప్పను.

పన్ను విషయం కూడా ఇక్కడే. పర్సనల్ లోన్ వడ్డీకి మామూలుగా పన్ను మినహాయింపు ఉండదు. ఆ డబ్బు వ్యాపారానికో, ఇల్లు కొనడానికో కట్టడానికో వాడినట్టు రుజువులు ఉన్నవాళ్ల సంగతి వేరు. వాళ్లు ఆడిటర్‌ని ఒక మాట అడిగాకే తీర్చాలి.

ఐదో అడుగు: ముందు తీర్చాల్సింది ఈ లోనేనా?

మన ఊళ్లలో వడ్డీని నూటికి నెలకు ఇన్ని రూపాయలని చెబుతారు. ఆ లెక్కలోనే మీ అప్పులన్నీ వరసగా రాయండి. 14 శాతం పర్సనల్ లోన్ అంటే రూపాయి పదిహేడు పైసల వడ్డీ. నోటు రాసి తెచ్చుకున్న చేబదులు రెండు రూపాయల వడ్డీ అయితే ఏడాదికి 24 శాతం. క్రెడిట్ కార్డులో మినిమమ్ డ్యూ కట్టి మిగతాది లాగుతూ పోతే నెలకు మూడున్నర రూపాయలు, కొన్ని కార్డుల్లో ఇంకా ఎక్కువే పడుతుంది, అంటే ఏడాదికి 42 శాతం, ఆ పైన. ఈ రెంటిలో ఏది ఉన్నా పర్సనల్ లోన్ జోలికి వెళ్లకండి. ముందు కార్డు, తర్వాత చేబదులు. వాటికి ఫోర్‌క్లోజర్ చార్జీ కూడా ఉండదు. నోటు తీర్చినప్పుడు ఆ కాగితం వెనక్కి తీసుకోవడం మరచిపోవద్దు.

బ్యాంకు నుంచి ఫోన్లు వస్తాయని లోన్‌కీ, మనవాళ్లే కదా అని చేబదులుకీ వేర్వేరు తొందర చూపిస్తుంటాం. తొందర పడాల్సింది వడ్డీ ఎక్కువున్న చోట.

ఆరో అడుగు: తీర్చాక చేతిలో ఎంత ఉంటుంది?

లెక్కలో ఎంత లాభం కనిపించినా, ఇది కుదరకపోతే నేను ఆగమనే చెబుతాను. లోన్ తీర్చేశాక కూడా ఇంటి అద్దె, సరుకులు, పిల్లల ఫీజులు, మిగతా ఈఎంఐలు కలిపి కనీసం మూడు నెలల ఖర్చు బ్యాంకులో ఉండాలి. ఒక్కరి జీతం మీద నడిచే ఇల్లయినా, ఉద్యోగం మీద నమ్మకం లేకపోయినా, ఇంట్లో పెద్దవాళ్లకి ఆరోగ్యం అంతంతమాత్రమైనా ఆరు నెలల ఖర్చు ఉంచుకోండి.

ఎందుకంటే బ్యాంకుకి కట్టేసిన డబ్బు వెనక్కి రాదు. రెండు నెలల తర్వాత ఆస్పత్రి ఖర్చు వచ్చిపడితే కొత్త లోన్‌కి వెళ్లాలి. దానికి మళ్లీ ప్రాసెసింగ్ ఫీజు, ఈసారి వడ్డీ ఇంకా ఎక్కువ ఉండొచ్చు. ఉద్యోగం పోయిన సమయంలో అయితే లోన్ ఇచ్చేవాడే దొరకడు. అప్పుడు దిక్కు రెండు మూడు రూపాయల వడ్డీ. లోన్ తీర్చిన సంతోషం అక్కడితో ఆవిరైపోతుంది.

ఏడో అడుగు: ఆ డబ్బు ఎక్కడి నుంచి తెస్తున్నారు?

బోనస్, పొదుపు ఖాతాలో ఊరికే పడి ఉన్న డబ్బు, గడువు తీరిన ఎఫ్‌డీ: ఇవి మంచి దారులు. గడువుకు ముందే ఎఫ్‌డీ విరగ్గొడితే వడ్డీ కాస్త కోస్తారు, అది కూడా లెక్కలో కలపండి.

చీటీ విషయంలో ఆలోచించి అడుగు వేయండి. చివరిదాకా ఉంటే వచ్చే డబ్బు వేరు, లోన్ తీర్చాలనే తొందరలో మొదటి నెలల్లోనే పెద్ద మొత్తం వదులుకుని పాట పాడడం వేరు. 5 లక్షల చీటీలో లక్షన్నర వదులుకుని పాడి, ఆ డబ్బుతో 78 వేల వడ్డీ తప్పించుకోవాలని చూస్తే మిగిలేది నష్టమే.

బంగారం తాకట్టు పెట్టి పర్సనల్ లోన్ తీర్చడం కాగితం మీద బాగానే ఉంటుంది, బ్యాంకుల్లో గోల్డ్ లోన్ వడ్డీ సాధారణంగా తక్కువ కాబట్టి. చిక్కు ఎక్కడంటే, గోల్డ్ లోన్‌కి నెలనెలా అసలు కట్టే పని ఉండకపోవచ్చు. ఏడాదికోసారి వడ్డీ కట్టి తిరగరాయించుకుంటూ పోతే అసలు అలాగే ఉంటుంది, నగలు లాకర్లోంచి ఇంటికి రావు. ఇప్పుడు కడుతున్న 11,634ను అదే తేదీకి గోల్డ్ లోన్ ఖాతాలో జమ చేసే క్రమశిక్షణ ఉందనుకుంటేనే ఈ దారి పట్టండి.

పీఎఫ్ డబ్బు మాత్రం ముట్టుకోవద్దనే నా సలహా. 2024-25కి పీఎఫ్ వడ్డీ 8.25 శాతం. 14 శాతంతో పోలిస్తే తీయడమే లాభం అనిపిస్తుంది. కానీ తీసిన డబ్బు మళ్లీ అందులో వేసేవాళ్లు అరుదు, రిటైరయ్యాక దాని లోటు పూడ్చే దారి ఉండదు.

ఎనిమిదో అడుగు: మొత్తమా, కొంతా?

మొత్తం తీర్చే స్తోమత లేకపోయినా పార్ట్ పేమెంట్ మంచి ఆయుధం. చాలా బ్యాంకులు 12 ఈఎంఐలు దాటాక, మిగిలిన అసలులో ఇంత శాతం మించకుండా, ఏడాదికి ఇన్నిసార్లు అని అనుమతిస్తాయి. షరతులు, చార్జీ మీ కాగితంలో చూసుకోండి.

మన ఉదాహరణలో ఏడాది పూర్తయ్యాక లక్ష కట్టారనుకోండి. బ్యాంకు మిమ్మల్ని అడిగే ప్రశ్న: ఈఎంఐ తగ్గించాలా, నెలలు తగ్గించాలా? ఈఎంఐ తగ్గిస్తే నెలకు 8,901 అవుతుంది, 48 నెలలు అలాగే ఉంటాయి, వడ్డీలో మిగిలేది సుమారు 31 వేలు. ఈఎంఐ అలాగే ఉంచి నెలలు తగ్గిస్తే మిగిలిన 48 నెలల్లో దాదాపు 14 ఎగిరిపోతాయి, వడ్డీలో సుమారు 61,700 మిగులుతుంది. రెండిటికీ కట్టింది అదే లక్ష.

నెల గడవడం కష్టంగా ఉంటే ఈఎంఐ తగ్గించుకోండి, అందులో తప్పు లేదు. నెట్టుకురాగలిగితే నెలలే తగ్గించండి. కొన్నిచోట్ల మీరు చెప్పకపోతే వాళ్లకు తోచింది చేసేస్తారు. అందుకే కోరిక రాతపూర్వకంగా ఇచ్చి, సవరించిన షెడ్యూల్ మెయిల్‌కి తెప్పించుకోండి.

ఇంకో సందర్భం. త్వరలో హోమ్ లోన్‌కి వెళ్లే ఆలోచన ఉంటే పై లెక్కలో లాభం తక్కువ కనిపించినా తీర్చడం మేలు కావచ్చు. జీతంలో ఇప్పటికే ఈఎంఐలకి పోయేది తీసేసి బ్యాంకు మీ అర్హత లెక్కవేస్తుంది. 8.5 శాతం వడ్డీతో 20 ఏళ్ల హోమ్ లోన్‌కి లక్షకు 868 చొప్పున ఈఎంఐ పడుతుంది. 11,634 ఖాళీ అయితే సుమారు 13 లక్షల అర్హత పెరిగినట్టే. అప్లికేషన్ పెట్టడానికి రెండు మూడు నెలల ముందే క్లోజ్ చేస్తే రికార్డుల్లో ఎక్కడానికి సమయం ఉంటుంది.

తొమ్మిదో అడుగు: క్లోజ్ చేసేటప్పుడు

ముందు ఫోర్‌క్లోజర్ స్టేట్‌మెంట్ అడగండి. అందులో మిగిలిన అసలు, చివరి ఈఎంఐ తర్వాత ఇన్ని రోజుల వడ్డీ, చార్జీ, జీఎస్టీ, పాత బకాయిలు ఉంటే అవి, ఏ తేదీలోపు కడితే ఈ మొత్తం చెల్లుతుందన్నది విడివిడిగా ఉంటాయి. ప్రతి వరసనీ మీ కాగితంతో సరిచూడండి. చెక్ బౌన్స్ చార్జీలంటూ ఎప్పటివో తెలియని వందలు కనిపిస్తే వివరం అడగండి. వాటి గురించి అడగడానికి కట్టిన తర్వాత కంటే కట్టకముందు మీకు బలం ఎక్కువ.

ఈఎంఐ తేదీ దాటి, అది ఖాతాలో కట్ అయ్యాక రెండు మూడు రోజులకి కట్టడం తేలిక. ఈఎంఐకి ముందు రోజు కడితే అదే నెల రెండుసార్లు డబ్బు పోయి, వెనక్కి తెప్పించుకోవడానికి తిరగాల్సి వస్తుంది.

డబ్బు ఎప్పుడూ బ్యాంకు యాప్ ద్వారా గానీ, స్టేట్‌మెంట్‌లో ఉన్న లోన్ ఖాతాకి గానీ, బ్రాంచిలో గానీ కట్టండి. "చార్జీ మాఫీ చేయిస్తా, నా నంబర్‌కి ఫోన్‌పే చేయండి" అనేవాడు ఎవరైనా సరే నమ్మొద్దు. "సగం కడితే సెటిల్ చేస్తాం" అన్న మాట కూడా సక్రమంగా కడుతున్నవాళ్లకి కాదు. అలా ఒప్పుకుంటే క్రెడిట్ రిపోర్టులో క్లోజ్డ్ అనే చోట సెటిల్డ్ అని పడుతుంది. తర్వాత లోన్‌కి వెళ్లిన ప్రతిచోటా అది అడ్డు వస్తుంది.

కట్టాక తీసుకోవాల్సినవి: నో డ్యూ సర్టిఫికెట్, అసలు సున్నా అని చూపించే ఖాతా స్టేట్‌మెంట్, సెక్యూరిటీగా చెక్కులు ఇచ్చి ఉంటే అవి. ఈఎంఐ కోసం ఇచ్చిన నాచ్ మాండేట్ (నెలనెలా ఖాతాలోంచి డబ్బు కట్ చేసుకోవడానికి ఇచ్చిన అనుమతి) రద్దయిందో లేదో మీ జీతం ఖాతా ఉన్న బ్యాంకులో చూసుకోండి. లోన్‌తో పాటు ఇన్సూరెన్స్ అంటగట్టి ఉంటే, మిగిలిన కాలానికి ప్రీమియం ఎంత వెనక్కి వస్తుందని ఇన్సూరెన్స్ కంపెనీకి రాయండి. పాలసీని బట్టి కొంత రావచ్చు, అడగనిదే ఎవరూ ఇవ్వరు.

చివరిగా క్రెడిట్ రిపోర్ట్. 2025 జనవరి నుంచి బ్యాంకులు ఈ రిపోర్టులు తయారుచేసే సంస్థలకి కనీసం పదిహేను రోజులకోసారి సమాచారం పంపాలి. కాబట్టి నెల, నెలన్నరకి సిబిల్ రిపోర్టులో లోన్ క్లోజ్డ్ అని కనిపించాలి. ఏడాదికోసారి పూర్తి రిపోర్ట్ ఉచితం. సిబిల్‌తో పాటు ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, సీఆర్ఐఎఫ్ హైమార్క్ కూడా ఇవ్వాల్సిందే. ఇంకా యాక్టివ్ అనే ఉంటే నో డ్యూ సర్టిఫికెట్ జత చేసి బ్యాంకుకీ, ఆ సంస్థకీ ఫిర్యాదు పెట్టండి. 30 రోజుల్లో సరిచేయకపోతే ఆ తర్వాత రోజుకు 100 రూపాయల చొప్పున పరిహారం అడిగే హక్కు మీకుంది. బ్యాంకు పట్టించుకోకపోతే బ్యాంకుల మీద ఫిర్యాదులు పరిష్కరించే రిజర్వ్ బ్యాంక్ అంబుడ్స్‌మన్‌కి ఆన్‌లైన్లో ఉచితంగా ఫిర్యాదు చేయవచ్చు. 14448కి ఫోన్ చేస్తే ఎలా పెట్టాలో చెబుతారు.